చింతపండు నీళ్ళలో నాణేలు

శుక్రవారం పొద్దున చారు పెడదామని జ్ఞానమణి వంటింట్లోకి వెళ్ళేసరికి, చింతపండు అప్పటికే గిన్నెలో నానుతోంది. ఇంత బుద్ధి ఎవరికి పుట్టిందా అని మురిసిపోతూ పిసకబోతే వేళ్ళకి ఏవో గట్టిగా తగిలాయి. గింజలనుకుని తీసింది. గింజలు కావు, రాగి నాణేలు! అరిగిపోయిన అరబ్బీ అక్షరాలతో తళతళ మెరుస్తున్నాయి.

"ఏవండీ! ఒకసారి ఇలా రండి."

ఇశ్రాయేలు బనీను సర్దుకుంటూ వచ్చాడు. సౌదీలోని ఖమీస్ ముషైత్‌లో అతను ఎలక్ట్రీషియన్‌గా చేసిన కంపెనీ మూతబడ్డాక, హాయిల్‌లో నర్సుగా ఉన్న జ్ఞానమణి అతన్ని తన ఇకామా అనే నివాస పర్మిట్ కిందకి తెచ్చుకుంది. ఆమె ఉద్యోగం ఊడిందా, బడికెళ్ళే షైనీతో సహా ముగ్గురూ విమానం ఎక్కాల్సిందే. జనం షికారుకొచ్చే చోట్ల పడిపోయిన ఉంగరాలు వెతుకుతానని అతను తెలిసినవాడైన అర్షద్ దగ్గర పాత మెటల్ డిటెక్టర్ కొంటే, పోనీలే, పొద్దుపోతుంది అనుకుందామె.

"ఇవీ ఎవరో పారేసుకున్నవేనా?"

"అవి పాత బావుల దగ్గర దొరికాయే. వెనకటి హజ్ యాత్రికులు నడిచిన దారంట. నల్లగా మట్టి పట్టుంటే, మన ఇత్తడి చెంబులకి మల్లే తోముదామని..."

"చెంబులా! పాత వస్తువులు తవ్వితే ఇక్కడ జైల్లో వేస్తారని తెలీదా? నా ఉద్యోగం పోతే పిల్ల ఫీజు ఎవరు కడతారు, మీరా?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అనేసింది.

"అమ్ముకోడానికి కాదు మణీ," అన్నాడతను నెమ్మదిగా. "మట్టిలోంచి తీసినప్పుడు, నేనూ ఇంటికి ఏదో తెస్తున్నాననిపించేది. అంతే."

"ఎవరూ చూడకుండా పారేసి రండి."

"పారెయ్యను. వాళ్ళవి వాళ్ళకే ఇచ్చేస్తా."

"ఇస్తే పట్టుకుంటారు!"

"నన్నే కదా."

ఆదివారం అతను పురావస్తు కార్యాలయానికి బయల్దేరాడు. ఆమె సెలవు పెట్టి వెంట వెళ్ళింది. భయం మొగుడి కోసమా, ఇకామా కోసమా అంటే, నిజం చెప్పాలి, ఇకామా కోసమే.

అక్కడి అధికారిణి చిన్న వయసు పిల్ల. నాణేలు చూసి నెత్తి పట్టుకుంది. "ఎవరు తోమారివి? పైపొర అంతా పోయిందే! అసలు తవ్విందెవరు?" అంది ఇంగ్లీషులో.

"నేనే మేడమ్. ఈవిడకేం తెలీదు."

"ఈవిడ ఎవరు?"

ఇశ్రాయేలు తడుముకోలేదు. "నా కఫీల్."

కఫీల్ అంటే పూచీ పడ్డ యజమాని. అతను వెటకారంగా అనలేదు, కోపంగానూ అనలేదు. సైటులో కూలీ తన మేనేజర్ గురించి చెప్పినట్టు, చేతులు కట్టుకుని చెప్పాడు. ఎక్కడున్నారు, ఎంతయింది, ఎందుకింత ఆలస్యం... రెండేళ్ళుగా జ్ఞానమణి అతన్ని అడిగినవన్నీ ఇవే. ఎలా ఉన్నారని ఒక్కసారైనా అడిగిందా? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

"కాదు," అంది ముందుకొచ్చి. "నేను ఆయన భార్యని. కేసు రాస్తే ఇద్దరి పేర్లూ రాయండి."

అధికారిణి నాణేలు తీసుకుంది, కారులో ఉన్న మెషీనూ తెప్పించి తీసుకుంది. తమంతట తాము తెచ్చారు కాబట్టి ఈసారికి వదిలేస్తున్నానని, మళ్ళీ దొరికితే ఊరుకోనని చెప్పి పంపేసింది.

కారు లోపల పెనంలా కాలిపోతోంది.

"ఎందుకలా అన్నావే? అందరం పోయేవాళ్ళం కదా," అన్నాడతను.

"ఆ మాట మళ్ళీ అనకండి. కఫీల్ అని."

"నిజమేగా మణీ."

ఆమె చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. అతను ఏసీ ఆమె వైపు తిప్పాడు.

"ఊరుకో. ఇల్లు చేరదాం పద."

"ఇంటికొద్దు," అంది ముక్కు తుడుచుకుంటూ. "మీరెక్కడెక్కడ తిరిగారో నాకూ చూపించండి. ఊరికే, చేతులూపుకుంటూ వెళ్దాం."