నానమ్మ బొటనవేలు

ఆ ఇంట్లో ఏ గదికీ లోపలి గడియ లేదు. ఉన్నవాటిని కూడా నాన్న ఊడబీకి పారేశాడు. "మనలో మనకి దాపరికాలేంటి?" అనేది ఆయన మాట. ఫోన్లకీ అదే చట్టం. ఎవరి ఫోనైనా ఇంటిల్లిపాది వేళ్ళకీ తెరుచుకోవాలి. అన్నం తింటూ తింటూ పెద్దకూతురి ఫోన్ లాక్కుని, ఎడమచేత్తో పైకీ కిందకీ జరుపుతూ, "ఎవడే ఈ ఇకిలించేవాడు?" అని గద్దించేవాడు. చూస్తే అది పళ్ళ డాక్టరు ప్రకటన. తమ్ముడైతే ఆమె భుజం మీద గడ్డం ఆనించి మరీ చదివేవాడు. అమ్మ చదవదు. మొహం చదువుతుంది. అది మరీ ఘోరం.

ఇంట్లో అందరూ ఆమెని పెద్దది అనేవాళ్ళు. అంకెల తాళం పెడితే తమ్ముడు రెండు రోజుల్లో పట్టేశాడు. తన వేలితో తాళం వేసుకుంటే నాన్న చెయ్యి పట్టుకుని నొక్కించాడు. దాంతో పెద్దదానికి ఒక ఆలోచన వచ్చింది. మెసేజీలకి విడిగా వేలి తాళం వేసింది. ఆ వేలు తనది కాదు, నానమ్మది.

నానమ్మ వెనక గదిలో మంచానికి అతుక్కుపోయి మూడేళ్ళయింది. ఎడమవైపంతా చచ్చుబడింది. మాట కూడా పోయింది. తినిపించడం, తుడవడం, పక్క మార్చడం పెద్దదాని వంతు. ఆ చచ్చుబడ్డ బొటనవేలిని ఎవరు అనుమానిస్తారు? కావాల్సినప్పుడల్లా దుప్పటి కిందనుంచి ఆ చేతిని బయటికి లాగి, వేలిని ఫోను మీద నొక్కేది. నిద్రపోతున్నా లాగేది. రోజుకి ముప్పై సార్లు లాగేది. మణికట్టు దగ్గర కమిలి నల్లబడింది. నానమ్మ కళ్ళు తెరిచి ఆమెవైపు చూసేది... అంతే.

"నానమ్మ పక్క వదలదమ్మా మా పెద్దది," అని అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేది.

పెద్దది ఎవరికీ చెప్పకుండా దూరపు ఊళ్ళో ఒక పెద్దాసుపత్రిలో, బట్టలు ఉతికే విభాగంలో ఉద్యోగం వెతుక్కుంది. మనిషికో గది ఇస్తారు. తలుపేసుకుంటే అడిగేవాడుండడు. ఆ రోజు పొద్దున అక్కడి సూపర్‌వైజరమ్మ నుంచి మెసేజీ వచ్చింది. "సాయంత్రం నాలుగింటిలోగా వస్తానని రాయి. లేకపోతే ఇంకో అమ్మాయికి ఇచ్చేస్తాం." జవాబు రాయబోతుండగా తమ్ముడి గడ్డం భుజం మీద వాలింది. "ఎవరక్కా?" చటుక్కున మూసేసింది. మూడు దాటేదాకా వాడు ఆమె వెనకే తిరిగాడు.

మూడున్నరకి వాన పట్టింది. వెనక గది మసకబారింది. మందు నూనె వాసన, తడిసిన గోడ వాసన. ముందు గదిలో అమ్మ కుట్టుమిషను టకటకలాడుతోంది. పెద్దది దుప్పటి కింద చెయ్యి పెట్టి లాగింది.

రాలేదు.

చల్లగా ఉంది. బిగుసుకుపోయి ఉంది.

"నానమ్మా..."

నానమ్మ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. పెదవి మీదుగా ఒక చీమ లోపలికి వెళ్ళింది.

అమ్మని కేకెయ్యబోయింది. ఆగిపోయింది. కేకేస్తే ఇల్లంతా ఈ గదిలోకే వస్తుంది. నాలుగు దాటిపోతుంది. మళ్ళీ ఏ జన్మకి?

కుట్టుమిషను ఆగింది. "ఏంటే, అత్తయ్య తిన్నారా?"

"తింది... పడుకుంది."

మిషను మళ్ళీ మొదలైంది.

వేలిని ఫోను మీద నొక్కింది. గుర్తించలేదు. చీర కొంగుతో తుడిచి నొక్కింది. గుర్తించలేదు. ఊపిరి ఊది వెచ్చ చేసింది. చివరికి ఆ వేలిని తన నోట్లో పెట్టుకుంది... నూనె చేదు నాలిక్కి తగిలింది.

గుర్తించలేదు.

"ఒక్కసారి నానమ్మా," గుసగుసగా అంది. "ఒక్కసారి తెరువు. ఇంక నీ చెయ్యి ముట్టను."

ఫోన్ని ఆ అరచేతిలోనే వదిలేసి వంటింట్లోకి పరుగెత్తింది.

"ఈ వేళప్పుడు వేన్నీళ్ళెందుకే?"

"నానమ్మ కాళ్ళకి."

"నా తల్లే!" అంది అమ్మ, తల ఎత్తకుండా.

నీళ్ళు వేడెక్కడానికి ఐదు నిమిషాలు పట్టింది. గిన్నెతో వెనక గది గుమ్మంలోకి వచ్చి ఆగిపోయింది. మసకలో నానమ్మ చెంప మీద నీలం వెలుగు పడుతోంది. ఫోను తెరుచుకుని ఉంది.

ఆమెకి ముందు భయం వెయ్యలేదు. సంతోషం వేసింది.

గిన్నె కింద పెట్టి ఫోను లాగింది. వదల్లేదు. నానమ్మ వేళ్ళు దాన్ని పట్టుకుని ఉన్నాయి. ఒక్కొక్క వేలే విడదీసింది. చిటికెన వేలు టిక్కుమంది... మూడు యాభై ఎనిమిది. గబగబా రాసింది. "వస్తాను. రేపే బయల్దేరతాను."

వెళ్ళిపోయింది మెసేజీ.

 మంచం కోడు పట్టుకుని నిలబడింది. ఇంక ఏడవచ్చు. ఇంక అమ్మని పిలవచ్చు. నోరు తెరిచేలోగా చేతిలో ఫోను వణికింది. సూపర్‌వైజరమ్మ.

"మంచిదమ్మా. ఇందాక నీ ఫోన్లోంచి మీ నానమ్మగారు మాట్లాడారు. ఎంత గలగలా మాట్లాడతారో! రెండో మంచం కూడా వేయిస్తున్నాం. ఆవిడ చెప్పినట్టే, నీ మంచానికి ఆనించి."