ఎడమవైపు ఖాళీ

భీమశంకరరావుకి ఫోటోల పిచ్చి. పోర్టు ఆఫీసులో గుమాస్తాగిరీ పొట్ట కోసం, కెమెరా ప్రాణం కోసం. 1978 నాటికి మూడేళ్లుగా ఫోటో క్లబ్బు ప్రదర్శనకి ఫోటోలు ఇస్తూనే ఉన్నాడు, మూడేళ్లుగా అవి ముఖాన కొట్టినట్టు వెనక్కి వస్తూనే ఉన్నాయి. ఎంపిక చేసేది డ్రాయింగు మాస్టారు యేసుదానం. ప్రతిసారీ ఎర్ర పెన్సిలుతో అదే రాత. మనిషిని నడిమధ్య నిలబెట్టకు, పక్కకి జరుపు, ఎటు చూస్తుంటే అటు ఖాళీ వదులు. ఖాళీ అన్న మాట వింటేనే రావుకి ఒళ్లు మండేది. ఈసారైనా గోడకెక్కకపోతే కెమెరా అటకెక్కించేస్తానని భార్య గౌరీశ్వరి దగ్గర ఒట్టేశాడు.

అందుకే శనివారం పొద్దున్న జాలరిపేట వెళ్లి, చేపలమ్మే అసిరమ్మని బోర్లించిన పడవ మీద కూర్చోబెట్టాడు. ఫ్రేములో ఆవిడ కుడివైపు. ఎడమవైపంతా నున్నటి ఇసక, సముద్రం. నీళ్లకేసి చూడమంటే ఆవిడ ససేమిరా అంది. మొగుడు నెల కిందట వేటకెళ్లి తిరిగి రాలేదు. శవం దొరక్కపోయినా దినాలు జరిపించేశారు.

"దినాలయిపోనాక ఎదురుసూత్తన్నట్టు కూకోకూడదు బాబూ," అంది. "పిలిసినట్టవుద్ది."

రావు వినలేదు. బతిమాలాడు, విసుక్కున్నాడు, ఒక్క నిమిషమేనన్నాడు. చివరికి ఆవిడ అటు చూసింది. ఇసక మీద ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని మరీ మీట నొక్కాడు.

ఆదివారం మధ్యాహ్నం గాజువాక ఇంట్లో స్నానాలగదే డార్క్‌రూమ్ అయింది. కిటికీకి నల్ల దుప్పటి, ఎర్ర బల్బు, నెగెటివుని కాగితం మీదికి పెద్దది చేసి వేసే ఎన్‌లార్జరు, పీటల మీద మందుల ట్రేలు. ఐదింటికల్లా ఫోటో మాస్టారికి అందాలి. మిగిలిన ఫోటో కాగితాలు నాలుగే.

మొదటి కాగితం మందులో వేశాడు. పడవ తేలింది, తర్వాత అసిరమ్మ. ఆ తర్వాత ఎడమవైపు ఖాళీలో, నీళ్ల అంచున, ఒక మగమనిషి.

ఏ వెధవ అడ్డొచ్చాడో అని తిట్టుకున్నాడు రావు. నెగెటివు భూతద్దంతో చూశాడు. అందులో ఎవరూ లేరు. కాగితం మీద మరకనుకుని, ఎడమ అంచు బాగా తగ్గేలా ఫ్రేము జరిపి రెండోది వేశాడు.

ఫ్రేము జరిగిన మేర మనిషీ జరిగాడు. ఇప్పుడు ఇసక మీద ఉన్నాడు. తడిసిన పంచె కాళ్లకి అంటుకుని ఉంది.

గదిలో మందుల వాసన పోయింది. నాచు వాసన... దాని వెనక కుళ్లిన చేపల వాసన. చేపలేమైనా తెచ్చారా అని గౌరీశ్వరి బయటినుంచి అడిగింది. లేదన్నాడు.

మూడో కాగితం. ఫ్రేము బిగించేశాడు. అసిరమ్మ ముఖం, భుజాలు. ఇంకెవరికీ చోటు లేదు. కాగితం నల్లబడుతోంది... ఆవిడ భుజం పక్కన... ఒక నడుము. ఆవిణ్ణి దాటి వచ్చేశాడు. తల ఫ్రేముకి పైన ఉండిపోయింది. అంత దగ్గరగా ఉన్నాడు.

రావుకి భయం కంటే ముందు ఏడుపొచ్చింది. మూడేళ్లకి ఒక్క ఫ్రేము కుదిరితే, దాన్నీ దక్కనివ్వడా?

ఆఖరి కాగితం. కత్తిరింపులు మానేసి ఉన్నదున్నట్టు వేశాడు. కళ్లు మూసుకుని అరవై లెక్కపెట్టాడు. తెరిచాడు.

ఎడమవైపు ఖాళీ. మనిషి లేడు. రావు మరేమీ చూడలేదు. ఆరీ ఆరకుండానే పాత పేపర్లో చుట్టి బస్సెక్కాడు.

యేసుదానం వరండాలో రెండే కుర్చీలు. ఒకదాంట్లో రావుని కూర్చోమని, రెండోదాంట్లో కూర్చుని మాస్టారు ఫోటోని చాలాసేపు చూశాడు. ఎర్ర పెన్సిలు తియ్యలేదు. ఇది నడి గోడకే ఎక్కుతుందన్నాడు. రావుకి కళ్లు చెమర్చాయి.

"ఖాళీ బాగా వదిలినావు రావూ," అన్నాడు మాస్టారు. "దానికన్నా ఈ అడుగులు బాగున్నాయి. నీళ్లకాడ మొదలయ్యి, ఆ ఆడమనిషిని దాటుకుని, ఫోటో కింది అంచుదాకా వచ్చినాయి. సూసేవోడి కన్ను వాటి ఎనకాలే నడుత్తాది."

రావు వంగి చూశాడు. ఇసక మీద తడి అడుగులు. ఒక్క మనిషివే. వచ్చినవే ఉన్నాయి... వెళ్లినవి లేవు.

"ఎవుల్ని నడిపించినావు?" అని అడిగాడు మాస్టారు. జవాబు కోసం ఆగలేదు. రావు భుజం మీదుగా వెనక్కి చూసి, నవ్వుతూ తలూపి, ఇంకో కుర్చీ తెమ్మని లోపలికి కేకేశాడు.