జానెడు తక్కువ

1984. శ్రీకాళహస్తి. రేడియోలు రిపేరు చేసే నూర్ అహ్మద్ చేతిలో టంకం కడ్డీ మెరిసింది. పిస్తోలనుకున్నాడు గూఢచారి శాఖ ఏజెంట్ రాజారత్నం. కాల్చాడు. మనిషి తన గడపమీదే కూలిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం, శాఖ వెతుకుతున్న దొంగ ట్రాన్స్‌మిటర్ మళ్లీ కూసింది.

అంటే అది నూర్ అహ్మద్‌ది కాదు. రాజారత్నం గూడూరు నిమ్మకాయల వ్యాపారి వేషం విప్పకుండానే ఊరికి పడమరనున్న శనక్కాయ చేలోకి పరుగెత్తాడు. అక్కడ వరసగా శాఖ నాటిన పదహారు యాంటెన్నాలు. ఒకే సిగ్నల్ ఒక్కోదానికి ఒక్కో రవ్వ ఆలస్యంగా చేరుతుంది. ఆ తేడాలన్నీ కలిపి లెక్కగడితే ఏ దిక్కునుంచి వచ్చిందో తెలుస్తుంది. నిన్న ఆ లెక్క గీసిన గీత నూర్ అహ్మద్ ఇంటిమీదుగా పోయింది. "ఆయప్పే" అని చెవిలో ఊదింది చంద్రకాంతమ్మ. శాఖకు కబుర్లందించే నాటకాల నటి. పట్టుచీర, ఫారిన్ సెంటు. నమ్మడానికి ఇంకేం కావాలి?

కానీ యాంటెన్నాలకు కట్టిన కేబుళ్లన్నీ ఒకే పొడవుంటేనే ఆ లెక్క నిజం.

"కేబుళ్లు ఎవరు కోసినారు?"

"నేనే సార్, ఇరవై బారల లెక్కన," అన్నాడు కూలీ మునివెంకటప్ప. "ఢిల్లీ నుంచి కొలిచే టేపు రాలా గదా! పన్నెండు కోసేసరికి నాకు సలిజరం. తూర్పుకొస నాలుగూ మా ఆడది గంగులమ్మ కొలిచింది. అవీ ఇరవై బారలే సార్, ఒక్కటీ తప్పలా."

"చేతులు చాపమ్మా."

గంగులమ్మ చాపింది. మొగుడి బార కంటే జానెడు తక్కువ. ఇరవై బారలకు ఇరవై జానలు.

ఆ తేడా తీసి లెక్క మళ్లీ కట్టాడు. గీత రెండు వీధులు పక్కకు జరిగింది. నేరుగా చంద్రకాంతమ్మ మేడమీదికి.

నాలుగూ యాభై. మధ్యాహ్నం చాటుగా విన్న కబురు ప్రకారం, ఐదింటికి రాకెట్ ఇంధనం మోసే గూడ్సు వంతెన ఎక్కుతుంది. "పెళ్లివారొచ్చారు" అన్న కోడ్ మాట వినబడగానే వంతెన కింద బాంబు పేలుతుంది.

జీపు దూకించి, మేడ తలుపు తన్ని లోపలికి పోయాడు. చంద్రకాంతమ్మ నోటి దగ్గర మైకు.

"రా అబ్బా! నిమ్మకాయలేవీ?" నవ్వింది. "పెళ్లివా..."

తీగ తెంపేశాడు. దూరంగా గూడ్సు వంతెన దాటిన చప్పుడు.

"నన్నట్లా చూడొద్దప్పా," అంది ఆమె, బేడీలు పడుతుంటే. "నేను పేరే చెప్పినా. కాల్చింది నువ్వు."

రాజారత్నం అక్కణ్ణుంచి సరాసరి నూర్ అహ్మద్ ఇంటికి పోయాడు. అతని భార్య రహిమున్నీసా గడప కడుగుతోంది. ఎంత కడిగినా మరక పోలేదు.

"మా ఆయన ఏం తప్పు చేసినాడు సార్?"

"ఏమీ చేయలేదమ్మా. మా కొలతలో తేడా."

"ఎంత తేడా?"

బొటనవేలూ చిటికెన వేలూ చాపి చూపించాడు. ఆమె ఆ చేతిని చూసి, మళ్లీ గడప కడగసాగింది.

ఢిల్లీ రిపోర్టులో దాన్ని "స్వల్ప లోపం" అని రాశారు. ఆ వారమే చేలోకి స్టీలు టేపు కూడా వచ్చింది.