బొట్టు పెట్టిన కాక్‌పిట్

"ఈయన్ని చంపాల్సి రావచ్చు," అన్నాడు చీఫ్ కిషన్‌రావు, టీలో బిస్కట్ ముంచుతూ.

ఏజెంట్ సోమేశ్వర్ ఫోటో అందుకున్నాడు. యాభై దాటిన మనిషి. నడుముకు వెడల్పాటి బెల్టు, చేతిలో కర్ర, వెనక మక్కచేను.

"ఈయన్నా? తుపాకీ ఎందుకు సార్, గట్టిగా తుమ్మితే పడిపోయేలా ఉన్నాడు."

"వింగ్ కమాండర్ వెంకటేశం. రిటైర్డ్. ఊరు ఇంద్రేశం. పదేళ్ళ కిందట మండుతున్న ఫైటర్ లోంచి సీటుతో సహా ఎగిరి బయటపడ్డాడు. వెన్నుపూస నలిగింది. అంతకు ముందు ఆయన్ని మించిన పైలట్ మనకు లేడు."

బిస్కట్ విరిగి కప్పులో మునిగింది. కిషన్‌రావు దానివంక దిగులుగా చూశాడు. ఆ డిపార్ట్‌మెంట్‌లో ఏ పనైనా అలాగే ముగుస్తుంది. హైదరాబాద్‌లో ఓ విత్తనాల దుకాణం పై అంతస్తులో, బోర్డు కూడా లేకుండా, అది దేశాన్ని కాపాడుతూ ఉంటుంది. ఉన్న ఒక్క జీపూ తోస్తే గానీ కదలదు. అది 2001, దసరాకు ముందు వారం.

"పోయిన నెల బొంబాయి ఎయిర్‌పోర్టులో ఓ కొరియర్ గుండె ఆగి చచ్చాడు. బ్యాగులో ఓ సీడీ దొరికింది. పెట్టి చూస్తే యుద్ధవిమానాల గేమ్. పిల్లలు కంప్యూటర్ మీద ఆడుకుంటారే, ఆ రకం. మన స్క్వాడ్రన్ కుర్రాడొకడు చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. మిస్సైల్ వెంటపడితే మనవాళ్ళు తప్పించుకునే పద్ధతి అందులో అచ్చంగా ఉంది. ఆ పద్ధతులన్నీ కనిపెట్టింది వెంకటేశమే."

"అమ్ముకున్నాడా?"

"పాపం, ఆయనకు తెలియనే తెలియదు. పాశమైలారంలో గగన్ కంట్రోల్స్ అని ఓ ఫ్యాక్టరీ ఉంది. గేమ్స్ పిచ్చివాళ్ళకు జాయ్‌స్టిక్కులు, థ్రాటిళ్ళు చేసి ఎక్స్‌పోర్ట్ చేస్తుంది. నడిపేది ఆర్కిడ్ అనే ముఠా, ఇక్కడ దాని తరఫు మనిషి డ్రేగర్ అనే తెల్లవాడు. ఏ దేశమని అడక్కు, చెబితే సాయంత్రానికి నాకు ఢిల్లీ నుంచి ఫోన్ వస్తుంది. ఆ పద్ధతులు ఎలా చేస్తాడో వెంకటేశాన్ని చితకబాది అడిగినా చెప్పలేడు. ఆయన నోటికి రావు, చేతికి వస్తాయి. అందుకని ఆ చేతి కోసమే వాళ్ళు ఓ కాక్‌పిట్ కట్టారు. కన్సల్టెంట్ అని కూర్చోబెట్టి ఆడిస్తున్నారు. ఆయన బొమ్మను టెస్ట్ చేస్తున్నాననుకుంటున్నాడు. స్టిక్ మాత్రం ఆయన చేతి ప్రతి కదలికనూ రికార్డ్ చేస్తోంది."

"ఇంకేం మిగిలింది?"

"ఒక్కటే. ఆఖరి పద్ధతి. మిగతావన్నీ ఫెయిలైనప్పుడు వాడేది. అదీ పోతే రేపు యుద్ధమొస్తే మన కుర్రాళ్ళు పైకెళ్ళడమంటే చావడానికి వెళ్ళడమే. ఆపు. ఆపలేకపోతే, ఆ చెయ్యి ఆట పూర్తిచేయకుండా చూడు."

"చేతినా సార్, మనిషినా?"

"రెండూ కలిసే ఉంటాయి కదయ్యా!" కిషన్‌రావు విసుక్కున్నాడు.

* * *

పాశమైలారంలో కరెంటు ఉన్నదానికంటే పోయేదే ఎక్కువ కాబట్టి జనరేటర్ మెకానిక్‌ను ఏ గేటు దగ్గరా ఆపరు. సోమేశ్వర్ ఆ వేషంలోనే వెళ్ళాడు: ఖాకీ చొక్కా, మోచేతుల దాకా గ్రీజు, పేరు లింగం. టూల్ బ్యాగు అడుగున పిస్టల్. జేబులో లైన్ టెస్టర్. దాని పిడిలో అయస్కాంతం. హార్డ్ డిస్కు మీద పెట్టి రెండుసార్లు తిప్పితే డేటా మొత్తం తుడిచిపెట్టుకుపోతుందని డిపార్ట్‌మెంట్ వాళ్ళు ఒట్టేసి చెప్పారు.

గేటు బయట టీ కొట్టు దగ్గర కారు ఆగింది. నల్ల కళ్ళద్దాలు, స్లీవ్‌లెస్ జాకెట్, ఎదురుగా ఉన్న మందుల ఫ్యాక్టరీ ఘాటును సైతం ఓడించే సెంటు. గగన్ కంట్రోల్స్ మార్కెటింగ్ మేనేజర్ రుక్మిణి. రెండేళ్ళుగా లోపల ఉన్న మన ఏజెంట్.

"డీజిల్‌లో నీళ్ళు కలిశాయా?" అంది అద్దం దించి.

"కలవంది యాడ దొరుకుతది మేడం?" అన్నాడు సోమేశ్వర్. కోడ్ సరిపోయింది.

"ఆఖరి సెషన్ దసరా పొద్దున. ఆ రోజు సెలవు, ఫ్యాక్టరీలో పురుగు కూడా ఉండదు. ముందే నిన్ను కాక్‌పిట్ రూములోకి పంపిస్తాను," అని గొణిగి వెళ్ళిపోయింది.

ఆ వారమంతా అతను జనరేటర్ విప్పి బిగిస్తూ గడిపాడు. రెండోరోజే వెంకటేశం అతన్ని పట్టుకున్నాడు. "లింగం, ఒక్కనివే తింటవేందిరా? ఇటు రా," అని జొన్నరొట్టె చేతిలో పెట్టి, కర్ర పొడుచుకుంటూ రూములోకి తీసుకుపోయాడు.

మూడు పెద్ద తెరల ముందు నిజమైన కాక్‌పిట్ ఉంది. కాళ్ళకు రడ్డర్ పెడళ్ళు, ఎడమచేతికి థ్రాటిల్, మోకాళ్ళ మధ్య కంట్రోల్ స్టిక్. గట్టిగా లాగితే అదీ అంత గట్టిగా ఎదురు తిరుగుతుంది.

"గా స్విచ్చు ఎయ్యి. టక్కుమన్నదా? గా సప్పుడు కోసం పదేండ్లు కండ్లు కాయలు కాసినయిరా! ఇండ్ల కూసున్నంక నాకు నడుమున్న సంగతే యాదికి రాదు."

"ఇదేంది సార్?" సీటు ముందు పసుపు, నలుపు చారల పిడి ఉంది.

వెంకటేశం మొహం చిన్నబోయింది. "ఎజెక్షన్. లాగితే సీటు కింద స్ప్రింగు తంతది, నిజం లెక్కనే. ఆట ఆడికే ఖతం, ఏదీ సేవ్ గాదు. వద్దంటే ఇనలే ఆ డ్రేగర్ సారు. గదొక్కటి నేను ముట్ట. నా నడుము ఇంకో తాపు తట్టుకోదన్నడు డాక్టరు."

"మిస్సైల్ ఎంటవడితే ఏం చేస్తరు సార్?"

"నేనేం చెయ్య. చెయ్యే చేస్తది. నన్ను అడగను గూడ అడగది." ఆయన పకపకా నవ్వాడు.

సోమేశ్వర్ రొట్టె పక్కన పెట్టేశాడు. నిజం చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కానీ ఆ మొహంలో ఏదీ దాగదు. డ్రేగర్ పసిగడితే మనిషినే ఎత్తుకుపోతాడు. ఛీ, ఏం బతుకురా నాది అనుకుంటూ చెయ్యి కడుక్కోవడానికి బయటికి వెళ్ళాడు.

* * *

దసరా పొద్దున రుక్మిణి చెప్పినట్టే తలుపు తెరిచింది. పట్టుచీర కట్టుకుంది. సోమేశ్వర్ కంప్యూటర్ ముందు వంగి టెస్టర్ తీశాడు. మెడ వెనక పిస్టల్ మూతి చల్లగా తగిలింది.

"అదిలా ఇచ్చెయ్ సోమేశ్."

"నువ్వు మన మనిషివి కదా!"

"ఇప్పటికీ అంతే. డిపార్ట్‌మెంట్ కార్డు నా దగ్గరే ఉంది. వాళ్ళ కార్డూ ఉంది. ఫోటో అందులోనే బాగా పడింది." టెస్టర్ చెత్తబుట్టలో పడింది. ఆమె తన పిస్టల్‌ను చేత్తో సహా హ్యాండ్‌బ్యాగులో దాచింది గానీ, దాని మూతి సోమేశ్వర్ పక్కటెముకలను వదల్లేదు. "మాట్లాడితే మొదట పోయేది ముసలాయన. బుద్ధిగా నిలబడు."

వెంకటేశం కొత్త చొక్కాలో వచ్చాడు. "అరె, లింగం గూడ ఉన్నడా? మంచిగైంది, సూడు ఇయ్యాల!" వెనకే పొడుగాటి డ్రేగర్, ఎండకు కందిన మొహంతో.

"లాస్ట్ మిషన్, వింగ్ కమాండర్. ఎంజాయ్!" అని, రుక్మిణి చెవిలో అన్నాడు, "ల్యాండ్ అయితేనే ఫైల్ సేవ్ అవుతుంది. సేవ్ కాగానే ఎయిర్‌పోర్ట్."

తెర మీద విమానం లేచింది. వెంకటేశం కళ్ళు వెలిగాయి. రుక్మిణి వెతకడం మరిచిన టూల్ బ్యాగు సోమేశ్వర్ భుజానికే వేలాడుతోంది, అడుగున అతని పిస్టల్‌తో. చెయ్యి లోపలికి పోనిస్తే ఒక్క గుండు కాల్చేంత టైము దొరుకుతుంది. అది ఎవరికో కిషన్‌రావు ముందే చెప్పేశాడు.

అప్పుడు బయట డప్పు మోగింది. తలుపు దబదబా బాదారు.

"ఎవరూ? ఇవాళ సెలవు కదా!" రుక్మిణి కేక పెట్టింది.

"సెలవు గాబట్టే వచ్చినం మేడం!" సూపర్‌వైజర్ యాదన్న గొంతు. "ఆయుధ పూజ! అన్ని మిషన్లకు అయింది, ఇదొక్కటే మిగిలింది. తలుపు తియ్యిన్రి!"

రెండేళ్ళు లోపలున్నా రుక్మిణి ఏ పండక్కీ ఇక్కడ లేదు. దసరా నాడు పాశమైలారంలో మిషన్లకు సెలవు గానీ మనుషులకు కాదు. భార్యాపిల్లలతో సహా అందరూ ఫ్యాక్టరీలోనే ఉంటారు. తీయకపోతే తలుపు విరిగేలా ఉంది. డ్రేగర్ చిరాగ్గా గడియ తీశాడు. బంతిపూల దండలు, అగరొత్తుల పొగ, ఇరవై ముప్పై మంది జనం బిలబిలమంటూ లోపలికి వచ్చారు. ముందర పసుపు, కుంకుమ పళ్ళెంతో నర్సింహమ్మ. జాయ్‌స్టిక్కులకు వైర్లు అతికే సెక్షన్‌లో పెద్దది.

"దీనికి వద్దు," అంది రుక్మిణి.

"వద్దంటే ఎట్ల మేడం? ఒక్కదాన్ని ఇడిసిపెడితే గదే అలుగుతది. పోయినేడు ప్రెస్సు మిషన్‌ను మరిసినం, కొమురయ్య వేలు వాయె. జెర జరుగున్రి." నర్సింహమ్మ ఎవరి మాటా వినలేదు. తెరలకు, థ్రాటిల్‌కు, స్టిక్‌కు బొట్లు పెట్టింది. స్టిక్ మీద వెంకటేశం చెయ్యి ఉంటే ఆ మణికట్టుకూ పెట్టేసింది. "సల్లగుండు పటేలా."

వెంకటేశం ఆటోపైలట్ స్విచ్ వేసి, రెండు చేతులూ తీసి దండం పెట్టాడు.

"అయిపోయింది డ్రేగర్ సార్. ఇగ రేపే."

"వాట్?"

"బొట్టు వెట్టినంక మిషన్ నడపొద్దు. ఎయిర్‌ఫోర్సుల గూడ గంతే, దసరా నాడు విమానాలకు దండలేసి పక్కకు పెట్టేటోళ్ళం. రేపు పొద్దుగాల ఎగురుదం."

"నౌ!" అన్నాడు డ్రేగర్.

"రేపు," అన్నాడు వెంకటేశం, మొండిగా.

డ్రేగర్‌కు విమానం టైమవుతోంది. ఓపిక నశించింది. కోటులోంచి పిస్టల్ తీసి నర్సింహమ్మ కణతకు ఆనించాడు. పళ్ళెం కిందపడి కుంకుమంతా చెదిరింది. డప్పు ఆగిపోయింది.

వెంకటేశం ఆ పిస్టల్‌ను చూశాడు, రుక్మిణి బ్యాగును చూశాడు, పాలిపోయిన మెకానిక్ మొహం చూశాడు.

"ఆటకు పిస్తోలు ఎందుకు సార్?" ఆయన సోమేశ్వర్ వైపు తిరిగాడు. "లింగం... ఇది ఆట గాదా?"

"కాదు సార్."

"మరి ఇన్నొద్దులు నేను ఆడినయి?"

"పోయినయి సార్. సరిహద్దు దాటినయి."

ఆయన మొహంలో నెత్తురు ఇంకిపోయింది. ఒక్క నిమిషంలో పదేళ్ళు పైబడినట్టయింది. "నా పోరగాండ్లు గవే నమ్ముకొని ఎగురుతున్నరు గదరా," అన్నాడు చాలా నెమ్మదిగా.

"ఫ్లై!" డ్రేగర్ అరిచాడు. పిస్టల్ నర్సింహమ్మ కణత మీదే ఉంది. వెంకటేశం స్టిక్ పట్టుకున్నాడు.

తెర మీద ఎర్రలైటు వెలిగింది. మిస్సైల్. సోమేశ్వర్ చెయ్యి బ్యాగులోకి జారి పిస్టల్‌ను అందుకుంది. ఇంకో రెండు సెకండ్లు ఆగితే రహస్యం స్టిక్‌కు చిక్కుతుంది. కాల్చు, అంది డిపార్ట్‌మెంట్. వేలు కదల్లేదు.

వెంకటేశం కుడిచెయ్యి దానంతటదే మొదలుపెట్టింది. స్టిక్ ఎడమకు వాలింది, ముందుకు పోయింది, మెలి తిరగబోయింది. ఆయన పళ్ళు బిగించి ఆపాలని చూశాడు, ఆగలేదు. అందుకని ఎడమచేతిని నమ్ముకున్నాడు. థ్రాటిల్ వదిలి, పసుపు, నలుపు చారల పిడిని పట్టుకుని శక్తికొద్దీ లాగాడు.

ధడేల్‌మని సీటు తన్నింది. ఆయన పెట్టిన కేక షెడ్డంతా వినిపించింది. తెరలు మూడూ నల్లబడ్డాయి. పైలట్ ఎజెక్టెడ్. మిషన్ నాట్ సేవ్డ్.

డ్రేగర్ నమ్మలేక తెర వైపు తిరిగాడు. ఆ క్షణం యాదన్నకు చాలు. దిష్టి తీయడానికి తెచ్చిన బూడిద గుమ్మడికాయను ఎత్తి ఆ నెత్తిన పగలగొట్టాడు. సోమేశ్వర్ పిస్టల్ తీసేసరికి డ్రేగర్ గింజల్లో, నీళ్ళలో బోర్లా పడి ఉన్నాడు, వీపు మీద నలుగురు వెల్డర్లు. రుక్మిణి లేదు. పాత సెషన్ల సీడీలు దాచుకున్న ఆమె హ్యాండ్‌బ్యాగూ లేదు. దసరా నాడు పటాన్‌చెరు రోడ్డు మీద పట్టుచీర కట్టిన ఆడమనిషిని వెతకడం ఎవరి తరం?

"లింగం," అన్నాడు వెంకటేశం సీటులోంచి. నుదుటి నిండా చెమట. "కాళ్ళు తెలుస్త లేవురా."

* * *

సంగారెడ్డి ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన సోమేశ్వర్ అసలు పేరు చెప్పాడు. వెంకటేశానికి అది పట్టలేదు.

"పాతయి అన్ని దుష్మన్‌కు తెలిసె. కొత్తయి నేర్పాలె. నేను తప్ప ఎవ్వలున్నరు? కాళ్ళు లేకుంటేంది, చెయ్యి ఉన్నది. నన్ను బేస్‌కు తీస్కపో. పోనీ గా కాక్‌పిట్ ఇయ్యిన్రి, ఇంట్లనే కూసొని కనిపెడత. పోరగాండ్లు చచ్చిపోతరు సోమేశ్వర్, నీ కాల్మొక్కుత."

అంతటి మనిషి ఆ మాట అన్నందుకు సోమేశ్వర్ తల ఎత్తలేకపోయాడు. ఆ సాయంత్రమే వెళ్ళి చీఫ్ ముందు మొదటిసారి గొంతు పెంచాడు.

"కుదరదు," అన్నాడు కిషన్‌రావు. "తెలిసో తెలియకో రహస్యాలు బయటపెట్టిన మనిషి. క్లియరెన్స్ రద్దయింది. ఏ ఎయిర్‌బేస్ గేటూ తాకకూడదు. జాయ్‌స్టిక్ ఉన్న కంప్యూటర్ ముట్టుకోకూడదు. రూల్."

"మరి కుర్రాళ్ళ సంగతి?"

"కమిటీ వేశారు," అన్నాడు కిషన్‌రావు. ఆ మాట అంటూ కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

వెంకటేశం ఇంద్రేశంలో మంచం మీద ఉన్నాడు. కుడిచెయ్యి దుప్పటి మీద దానంతటదే కదులుతూ ఉంటుందని, పట్టుకుంటే గానీ ఆగదని, రోజూ వెళ్ళి చూసి వచ్చే నర్సింహమ్మ చెప్పింది.

కాక్‌పిట్‌ను సాక్ష్యంగా సీజ్ చేసి విత్తనాల దుకాణం పైకి చేర్చారు. భోజనాల వేళ స్టాఫంతా వంతులవారీగా ఎక్కుతున్నారు. చీఫ్ కూడా ఎక్కుతాడు. ఇంతవరకూ ఒక్కడికీ టేకాఫ్ రాలేదు. దేశ రహస్యం ఇంత భద్రమైన చేతుల్లో మునుపెన్నడూ లేదు.