భూమన్న చెయ్యి, ఒక్క గంట

"పత్తిల తేమ ఎంత?"

"ఎనిమిది శాతం. తొమ్మిదైతే వాపస్."

కోడ్ సరిపోయింది. జమ్మికుంట మార్కెట్ యార్డులో, పత్తి బస్తాల మధ్య, ఏజెంట్ శ్రీహరి నిలబడ్డాడు. తలకు రుమాలు చుట్టుకున్న అడ్తిదారు నిజానికి అతని చీఫ్ శ్రీధర్‌రావు.

"కైలాసంను చంపిన్రు. చిప్ సాఫ్ట్‌వేర్ రాసిన ఇంజనీర్. పొద్దుగాల మానేరుల శవం తేలింది. ఆఖరి మెసేజ్ ఒక్కటే పంపిండు. 'స్టాప్ తీసేస్తున్నరు' అని."

బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో అయిపోయింది. గురిగింజ అనే విదేశీ ముఠా, కాళ్లూ చేతులూ పడిపోయిన అరవై రెండు మంది మెదళ్లలో ఉచితంగా చిప్‌లు పెట్టించింది. మనిషి అనుకుంటే మరచెయ్యి కదులుతుంది, ఏఐ సాయం పడుతుంది. ఊరికే ఎవడూ ఏదీ ఇవ్వడు కదా! రేపు పదకొండింటికి బెల్లంపల్లి సభలో, అందరి తరఫున భూమన్న అనే పేషెంట్ తెర మీద 'అంగీకారం' నొక్కాలి. నొక్కాడా, వద్దని ఆపే స్టాప్ మనిషికి ఉండదు, ఆ చేతులన్నిటి మీదా పెత్తనం సర్వర్‌దే. వాటితో సంతకం పెట్టించినా, ట్రిగ్గర్ నొక్కించినా అడిగే దిక్కుండదు.

"ఆయన వద్దనుకుంటే?"

"వణుకు అనుకుంటది ఏఐ. సరిదిద్ది మరీ నొక్కుతది."

మధ్యాహ్నానికి శ్రీహరి ఫిజియోథెరపిస్ట్ వేషంలో బెల్లంపల్లిలో, భూమన్న క్వార్టర్‌లో ఉన్నాడు. భూమన్న ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో హాలర్ నడిపాడు. బొగ్గు టబ్బులను తాడుతో లాగే ఇంజను అది. కప్పు కూలి మెడ విరిగింది. మరచెయ్యి మూలన ఛార్జింగ్‌లో ఉంది. భార్య ఐలవ్వ స్టీలు గ్లాసు మీద చెంచాతో మూడుసార్లు కొట్టి, ఛాయ్ తెచ్చింది.

"గీమెకు నోరు లేదు సార్, గంటలే," నవ్వాడు భూమన్న. "బాయిల అలవాటు. టబ్బులు నడుస్తుంటె ఒక్క గంట కొట్టిన్రంటే ఆపుమన్నట్టు. బ్రేక్ గుంజకపోతే ఎవడో ఒకడు సచ్చినట్టే. నిద్రల ఇనవడ్డా చెయ్యి బ్రేక్ మీదికే పోయేది."

"రేపు నొక్కుతవా?"

నవ్వు ఆగిపోయింది. "వద్దనే అనుకుంటున్న. రిహార్సల్ల ఏడుసార్లు వద్దనుకున్న, ఏడుసార్లూ నొక్కింది. నా చెయ్యి నా మాట ఇంటలేదు సార్."

శ్రీహరి జేబు తడుముకున్నాడు. సిగ్నల్‌ను తెంపే జామర్ ఉంది, అదొక్కటే ఆశ.

మర్నాడు సభలో ఆ ఆశా పోయింది. పట్టుచీర, నల్లకళ్లద్దాలతో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ రోజారాణి పక్కకొచ్చి నిలబడింది. అటు ముఠాకూ, ఇటు చీఫ్‌కూ పనిచేసే మనిషి.

"జామర్ ముట్టకు. సిగ్నల్ తెగితే ఒప్పుకున్నట్టే లెక్క. చిప్ నుంచి 'వద్దు' వస్తేనే ఆగుతది."

"నిన్నెట్ల నమ్మాలె?"

"కైలాసం నా క్లాస్‌మేట్," అంది.

పది సెకన్ల కౌంట్‌డౌన్ మొదలైంది. మరచెయ్యి లేచింది.

"వద్దు! నాకొద్దు!" మైకులోనే అరిచాడు భూమన్న.

"భూమన్నగారు ఆనందం పట్టలేకపోతున్నారు!" అన్నాడు యాంకర్. జనం చప్పట్లు కొట్టారు. ఛీ, ఏం జనం!

నాలుగు. మూడు.

భూమన్న జనంలో భార్యను వెతికాడు. "ఐలవ్వా! ఒక్క గంట కొట్టే!"

ఐలవ్వ చేతిసంచిలోంచి గ్లాసు తీసి ఇనుప కుర్చీకేసి బాదింది. టంగ్!

తెరకు వెంట్రుకవాసి దూరంలో మరచేతి వేళ్లు పిడికిలి బిగించాయి. చెయ్యి ఒక్క ఊపున వెనక్కి గుంజుకుంది, అచ్చం బ్రేక్ లాగినట్టు. ముప్పై ఏళ్ల పనిలో వణుకు లేదు. సరిదిద్దడానికి ఏఐకి ఏమీ దొరకలేదు.

'నిరాకరణ నమోదైంది.'

నాలుగు నిమిషాల్లో సర్వర్ కక్ష తీర్చుకుంది. మరచెయ్యి చచ్చుబడి వేలాడింది. రోజారాణి మాయమైంది. ముఠా నాయకుడు అప్పటికే విమానంలో ఉన్నాడు, ఇంకో దేశంలో ఇంకో అరవై మంది కోసం.

"మల్ల లేస్తదా సార్?" అడిగాడు భూమన్న.

"లేవదు."

"మంచిది. ఆపింది మాత్రం నేనే." అని, ఏడ్చాడు.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! ఏ గాడ్జెట్ వాడినవ్?"

"స్టీలు గ్లాసు, సార్."

"ల్యాబ్‌కు పంపు."

శ్రీహరి భూమన్న మంచం వైపు చూశాడు.

"కుదరదు సార్. దాంతోనే ఆమె ఆయనకు ఛాయ్ తాపుతున్నది."