మిల్లు కళ్ళం మీద తెరచాప

కోదాడలో హైవే పక్కన దేవసహాయం పట్టాల దుకాణం ఉండేది. లారీల మీద కప్పేవి, వడ్ల మీద కప్పేవి కుట్టి అమ్మేవాడు. తొంభయ్యో సంవత్సరం ఎండాకాలం, మిర్యాలగూడ నుంచి లారీలో వచ్చి దిగిన సక్రుకు ఆ దుకాణంలో మైనం వాసనా కిరసనాయిలు వాసనా కలిసి గుప్పుమన్నాయి. మిల్లు సేటు పంపాడు. తుఫాను వస్తుందని రేడియోలో చెప్తున్నారు, కళ్ళం మొత్తాన్ని ఒక్కదానితో కప్పేంత పెద్ద పట్టా కావాలట. ఆ సేటుకు ఏదైనా సరే అందరికన్నా పెద్దదే ఉండాలి.

సక్రుది చిలుకూరు పక్క తండా. పెళ్లాం జమ్లీతో కలిసి మిల్లులో కూలికి కుదిరి, మిల్లు వెనక రేకుల కొట్టంలోనే కాపురం పెట్టాడు. మనిషి గట్టివాడే. నోరే ఊరికే ఉండదు.

దుకాణంలో పట్టాలన్నీ చుట్టచుట్టి గోడకు నిలబెట్టి ఉన్నాయి. మూలన ఒక్కటి మాత్రం మడతపెట్టి ఉంది, నడుమెత్తున.

"గదేంది, దాన్నొక్కదాన్ని గట్ల మడిచిపెట్టినవ్? మడతల కాడ మైనం పగిలి నీళ్లు కారవా?" అన్నాడు సక్రు.

దేవసహాయం టీ గ్లాసు కింద పెట్టాడు. "అది పట్టా కాదయ్యా. తెరచాప. ఓడది."

"నన్ను పిచ్చోన్ని చేస్తున్నవా? గీ కాలంల తెరచాప ఓడలు ఏడున్నయ్?"

"ఉన్నాయి. నేను దాంట్లోనే ఖలాసీగా చేశాను. సరుకులు మోసే పెద్ద ఓడ, ఇంజనున్నదే. డీజిల్ ధర మండిపోతుంటే కంపెనీవాళ్లకో ఆలోచన వచ్చింది. గాలికి బిల్లు రాదుగా! డెక్కు మీద ఇనప స్తంభాలు నిలబెట్టి ఇంతింత తెరచాపలు కట్టారు. గాలి బాగా ఉంటే ఇంజను తగ్గించేవాళ్లం. తాళ్లు లాగే పనే లేదు. ఒక మీట నొక్కితే విప్పుకునేది, ఇంకోటి నొక్కితే స్తంభానికి చుట్టుకునేది."

"మంచిదే గద."

"మంచిదే. ఒకరోజు సగం చుట్టుకొని ఆగిపోయింది. రాజారత్నమని మా తోటివాడు, పైకెక్కి మడతలో చెయ్యిపెట్టి చూస్తున్నాడు. కిందవాడు మీట నొక్కాడు." దేవసహాయం కాసేపు రోడ్డు మీద పోయే లారీని చూశాడు. "మా కళ్లముందే చుట్టేసింది. గబగబా విప్పాం. మనిషి లేడు. నెత్తురు లేదు. చొక్కా పీలిక కూడా లేదు."

"సముద్రంల పడ్డడేమో."

"అందరం అదే అనుకున్నాం. ఆ తర్వాత గాలి లేని రోజున కూడా అది నిండేది. ఆకు కదలని ఎండలో కూడా బుస్సుమని పొంగి ఓడను లాక్కుపోయేది. ఎన్నడూ మిగలనంత డీజిల్ మిగిలిందని కంపెనీవాళ్లు మాకు మిఠాయిలు పంచిపెట్టారు."

"తిన్నవా?"

"తిన్నాను."

ఇగ సక్రుకు నవ్వాగలేదు. ముసలాయనకు ఎండదెబ్బ తగిలిందనుకున్నాడు. కళ్ళమంతా కప్పేంత పెద్దది అదొక్కటే కాబట్టి, సేటు ఇచ్చిన డబ్బు లెక్కపెట్టి దాన్నే కొన్నాడు. నలుగురు పట్టి దాన్ని లారీ ఎక్కిస్తుంటే దేవసహాయం సాయానికి రాలేదు. లోపలికిపోయి తలుపు చాటున నిలబడ్డాడు.

ఆ రాత్రి అన్నం తింటూ సక్రు ఈ సంగతి జమ్లీకి చెప్పాడు. జమ్లీ విరగబడి నవ్వింది. "నీ మొఖం జూసి కత జెప్పిండయ్యా! ఇంకో గంట కూసుంటే ఓడ గూడ అంటగట్టేటోడు."

నిజం చెప్పాలంటే ఆ మిల్లులో జమ్లీ నవ్వు లేకపోతే సక్రు నెల తిరక్కుండానే తండాకు పారిపోయేవాడు. పొద్దంతా ఉడుకు వడ్లలో కాళ్లు కాలుతుంటే, మోచేతి దాకా ఉన్న గాజులు టకటకలాడిస్తూ అవతలి అంచు నుంచి ఆమె ఏదో ఒకటి అనేది. దానికి ఇతను ఏదో ఒకటి అనేవాడు. అట్లా పొద్దు గడిచిపోయేది.

తుఫాను మర్నాడు మధ్యాహ్నమే వచ్చింది. కోదాడ దిక్కు నుంచి మబ్బు లేచి మిల్లు పొగగొట్టం మీదికి వంగింది. కరెంటు పోయింది. పట్టపగలే లాంతర్లు వెలిగించారు. ఉడికిన వడ్లు కళ్ళం నిండా పరిచి ఉన్నాయి. అందరూ ఉరుకులు పరుగుల మీద కుప్పలు చేసి, ఆ తెరచాపను ఈడ్చి కప్పి, అంచుల మీద రాళ్లు పెట్టారు. కప్పుతున్నప్పుడు సక్రు ముక్కుకు ఏదో నీచు వాసన తగిలింది. మిల్లులో చేపల కూర వండినవాళ్లెవరూ లేరు.

వాన దంచికొట్టింది. తెరచాప మీద కుప్పకూ కుప్పకూ నడుమ నీళ్లు మడుగులు కట్టాయి. మిల్లు కూలీలకు దీనికొక పద్ధతి ఉంది. తేలికగా ఉండే మనిషి వెదురుబొంగు పట్టుకొని పట్టా కిందికి దూరి, మడుగు కట్టిన చోట కిందినుంచి పైకెత్తితే నీళ్లు జారి బయటపడతాయి. మనిషి బయటికొచ్చి మేస్త్రీకి వచ్చానని చెప్పేదాకా ఎవరూ పట్టాను ముట్టరు. ఎందుకంటే తడిసిన పట్టా ఏనుగంత బరువు, దాన్ని పదిమంది తోసుకుంటూ చుట్టేటప్పుడు లోపల మనిషున్నా తెలియదు.

ఆ పని ఎప్పుడూ జమ్లీదే. ఆమె బొంగు పట్టుకొని కిందికి దూరింది. పైన నీళ్లు ఒక్కొక్క మడుగే జారిపోవడం సక్రు చూస్తూనే ఉన్నాడు.

వాన చప్పున ఆగింది. మేస్త్రీ సైదయ్య తొందరపెట్టాడు. ఉడికిన వడ్లు కప్పిపెడితే ఆవిరికి ముక్కిపోతాయి, సేటు చీరేస్తాడు.

"జమ్లీ! బయటికొచ్చినవా?" అని అరిచాడు సైదయ్య.

"వచ్చిన మేస్త్రీ. ఇగ సుట్టుండ్రి."

బాయిలర్ దిక్కు నుంచి. స్పష్టంగా. అందరూ విన్నారు. సక్రు కూడా విన్నాడు. విని, అందరికన్నా ముందు తనే భుజం ఆనించి తోశాడు.

మొదట బరువుగానే కదిలింది. కళ్ళం నడుమకు వచ్చేసరికి తేలికైపోయింది. తోయకుండానే పోతోంది. కూలీలు దాని వెనక పరుగెత్తారు. అది గోడకు తగిలి ఆగింది. అప్పుడు సక్రు వెనక్కి తిరిగి చూశాడు.

వడ్ల మీద వెదురుబొంగు పడి ఉంది.

"జమ్లీ!"

బాయిలర్ దగ్గరికి ఉరికాడు. అక్కడ ఎవరూ లేరు. గోదాములో లేదు. కొట్టంలో లేదు. తిరిగి వచ్చేసరికి అందరూ చుట్టకు దూరంగా నిలబడి ఉన్నారు. చుట్ట మధ్యలో ఒకచోట ఉబ్బి ఉంది... ఆ ఉబ్బు మెల్లగా కదిలింది... నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిలినట్టు.

"ఇప్పుండ్రి! ఇప్పుండ్రిరా, మీకు దండం బెడ్త!"

అందరూ పడి విప్పారు. చివరిదాకా విప్పారు. ఏమీ లేదు. మధ్యలో దోసెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. సక్రు పిచ్చివాడిలా ఆ నీళ్లలో చేతులాడించాడు. తడి చేత్తో మూతి తుడుచుకున్నాడు. ఉప్పు. నోరంతా ఉప్పు.

అప్పుడే తెరచాప పొంగింది.

గాలి లేదు. పొగగొట్టం పొగ నిట్టనిలువునా పోతోంది. కళ్ళం మీద పరిచి ఉన్న ఆ బట్ట మాత్రం నడుమ మెల్లగా లేచింది... దిగింది... మళ్లీ లేచింది. ఊపిరి తీసినట్టు. దాని కింద నుంచి సన్నగా గాజుల చప్పుడు.

టక... టక...

"నా జమ్లీ గీడనే ఉన్నది," అన్నాడు సక్రు. ఏడుస్తున్నాడు. "నేను జెప్పలే మేస్త్రీ. ముసలాయన నాకు అన్నీ జెప్పిండు. నేను నవ్వులాటకు దీసుకొని మీకొక్క మాట జెప్పలే. నేను లోపలికి బోత."

సైదయ్య వద్దనలేదు. వద్దంటే వినే మనిషి కాదని తెలుసు. బస్తాలు కట్టే తాడు తెచ్చి అతని నడుముకు ముడివేశాడు. ముడి రెండుసార్లు జారింది. "దొరకంగనే ఒక్క కేక వెయ్యి బిడ్డా. గుంజేస్తం. గా కేక ఇనందే ఎవ్వలం తాడు ముట్టం."

సక్రు పొట్ట మీద పాకుతూ లోపలికి పోయాడు.

లోపల చీకటి. మైనం వాసన లేదు, ఉడికిన వడ్ల వాసన లేదు. చేపల వాసన, తుప్పు వాసన, తడిసిన వెంట్రుకల వాసన. పాకాడు. కళ్ళం ఎంత పొడుగో అతనికి తెలుసు, రోజూ ఊడ్చేది అతనే. అవతలి గోడ ఎప్పుడో రావాలి. రాలేదు. చేతుల కింద వడ్లు అయిపోయాయి. గచ్చు అయిపోయింది. చల్లటి ఇనుము తగులుతోంది. ఆ ఇనుము ఊగుతోంది.

ఎక్కడో దూరంగా, చాలా కింద, నీళ్లు దేనికో కొట్టుకుంటున్నాయి.

"జమ్లీ..." గుసగుసగా పిలిచాడు.

టక... టక...

కుడిపక్కకు చెయ్యి చాచాడు. వేళ్లు తగిలాయి. చల్లగా ఉన్నాయి, తడిగా ఉన్నాయి. తడిమాడు. మణికట్టు. గాజులు. మోచేతి దాకా గాజులు. పోయిన ప్రాణం లేచొచ్చింది. దేవుళ్లందరికీ మొక్కుకుంటూ ఆ చేతిని గుండెకు హత్తుకున్నాడు.

"దొరికినవే... దొరికినవ్... భయపడకు. పోదాం పా."

చెయ్యి అతని వేళ్లలోకి వేళ్లు పోనిచ్చింది. చెవి పక్కన, చాలా దగ్గరగా, జమ్లీ గొంతు.

"సక్రూ... బయట గాలి ఉన్నదా?"

పెండ్లయిన నాటి నుంచి ఇవాళ్టి దాకా జమ్లీ మొగుని పేరు నోటితో పలకలేదు. రేషన్ కార్డు ఆఫీసులో అడిగినా పక్కనున్నవాళ్ల చేత చెప్పించింది. జ్వరంతో ఒళ్లు తెలియనప్పుడు కూడా పలకలేదు.

చెయ్యి లాక్కోబోయాడు. అది వదలలేదు. వదిలించుకుంటే మాత్రం? జమ్లీ ఇంకా లోపలెక్కడో ఉంది. ఇంకా ముందుకు పోవాలి, ఇంకా వెతకాలి. దీన్ని బయటికి పోనివ్వకూడదు. కేక వెయ్యకూడదు. పెదవులు పళ్లకింద నొక్కి పట్టుకున్నాడు.

తాడు చివరి నుంచి, ఏదో వేరే ఊరి నుంచి వచ్చినట్టు, సైదయ్య గొంతు వినబడింది. "దొరికిందా సక్రూ? గుంజాల్నా?"

సక్రు నోరు తెరవలేదు.

"దొరికింది మేస్త్రీ," అన్నాడు సక్రు గొంతుతో ఎవరో, అతని పక్కనే, చీకట్లో. "జల్ది గుంజుండ్రి."

నడుము దగ్గర ముడి మెల్లగా ఊడింది. తాడు మాత్రం బిగుసుకొని, ఏదో బరువును లాగుతూ, వెలుగు దిక్కుకు పోసాగింది.