ముందు నడిచినవాడి దారి

ఫోను మీకు దారి చూపిస్తున్నప్పుడు, ఆ దారిలో ముందు నడిచినవాళ్లు ఇంటికి తిరిగొచ్చారా అని ఎప్పుడైనా అడిగారా? అడగలేదు. నాకు తెలుసు. రెబెక్కా కూడా అడగలేదు. పైగా ఆమె ఉద్యోగమే అది.

రాజమండ్రి దానవాయిపేటలో మేడ మీద ఓ చిన్న ఆఫీసు. గోదావరి ఎగువన కొండలెక్కేవాళ్లకి దారి చెప్పే యాప్ తయారుచేస్తారక్కడ. అడిగినదానికి జవాబు వెతికేది ఏఐ ఏజెంటు. దానికి కొండ తెలియదు, కోన తెలియదు. ఏ టూల్ ఎందుకు వాడాలో మనిషి పక్కన రాసిపెట్టిన నాలుగు వాక్యాలే దానికి కళ్లు. ఆ వాక్యాలు రాసేది రెబెక్కా.

టూల్స్ రెండు. ఒకటి గైడ్లు సరిచూసిన దారులిస్తుంది. రెండోది, నడిచినవాళ్ల ఫోన్లు గీసిన జాడలిస్తుంది. ఈ రెండోదాని కింద ఆమె ఒక్క ముక్క రాసింది: ‘ఆ కొండ మీద ఎవరైనా నడిచిన దారి కావాలంటే ఇది వాడు. అందరికంటే చివర నడిచినవాళ్లది ఇవ్వు.’ ఎప్పుడు వాడకూడదో రాయలేదు. పాలకొల్లు పిల్ల మరి. కాలవ గట్టు పట్టుకుని నడిస్తే ఏదో ఒక ఊరు తగిలే నేల మీద పెరిగింది. మనుషులు నడిచారంటే అది దారే అనుకుంది.

శనివారం ఆమె తమ్ముడు ఐజాక్ బండేసుకుని కొండకెళ్లాడు. తప్పిపోతే పోయేది నీ పరువే అక్కా అని వెక్కిరించి మరీ వెళ్లాడు.

పొద్దు వాలుతుండగా ఫోన్ చేశాడు. గైడ్ల బోర్డు కుడికి చూపిస్తుంటే యాప్ ఎడమకి తిప్పిందట. దారి బానే ఉందట, గడ్డి ఎవరో ఇప్పుడే తొక్కినట్టు పడుకుని ఉందట. చిరాకల్లా ఒక్కటే. రాళ్లు పేలిపోయే ఎండల్లో కూడా ఆ దారంతా ఒండ్రు వాసన... వాగు పొంగి తీసినప్పటి వాసన.

రెబెక్కా లాప్‌టాప్ తెరిచింది. ఐజాక్‌కి దారి చూపించడానికి ఏజెంటు వాడింది రెండో టూల్. చివర నడిచినవాడి పేరు గంగరాజు.

కిందటి వానాకాలం యాప్‌ని పరీక్షించడానికి ఆ కొండకే వెళ్లిన ఆఫీసువాడు గంగరాజు. వాగు పొంగింది. ఊరూరా జనం వెతికారు. ఒక చెప్పు దొరికింది, మనిషి దొరకలేదు. అతని జాడ చెరిపెయ్యడానికి ఆఫీసులో ఎవరికీ మనసొప్పలేదు.

అతని జాడ గీత వాగు దగ్గరే ఆగిపోయి ఉండాలి.

ఆగలేదు. తెర మీద... పెరుగుతోంది. ఐజాక్ ఉన్నచోటు చూపించే చుక్కకి నాలుగడుగుల ముందు.

“ఐజాక్, ఆగు.”

ఆగాడు. గీత కూడా ఆగింది.

“అక్కా...” గొంతు బాగా తగ్గించాడు. “ముందు ఎవరో ఉన్నారు. ఒక కాలికే చెప్పున్నట్టుంది ఆ నడక. నేనాగితే ఆగుతున్నాడు.”

“వెనక్కి తిరుగు. వాడితో మాట్లాడకు.”

“చీకటి పడిపోతోంది, దారి తెలీదు. యాప్ ముందుకే పొమ్మంటోంది.”

రెబెక్కా రెండో టూల్ కింది ఆ ముక్క కొట్టేసి తిరగరాసింది. ‘తిరిగి వచ్చినవాళ్ల దారులే ఇవ్వు. రానివాళ్లది ఎవరడిగినా ఇవ్వకు, ఎందుకివ్వవో చెప్పు.’ సేవ్ చేసింది.

“తిప్పిందక్కా.” ఊపిరి వినిపించింది. “వెనక్కి తిప్పింది. కానీ... వాడు కూడా తిరిగాడు.”

లైను తెగింది.

ఎన్నిసార్లు చేసినా కలవలేదు. తల్లి సంపూర్ణమ్మ మోకాళ్ల మీద ప్రార్థనలో కూర్చుంది. రెబెక్కా పోలీసులకీ గైడ్లకీ ఫోన్లు చేస్తూనే ఉంది. అన్నం వేళకి గేటు చప్పుడైంది. ఐజాక్. బట్టలు తడిసి ఒంటికి అంటుకుపోయాయి. ఎక్కడా వాన లేదు. సంపూర్ణమ్మ వాడిని పట్టుకుని ఏడ్చింది, తిట్టింది, కంచం పెట్టింది. ఏం జరిగిందిరా అంటే ఆకలన్నాడు, అంతే.

గుండె కుదుటపడి రెబెక్కా గదిలోకొచ్చింది. వెతకొద్దని గైడ్లకి చెప్పాలి, వాడు ఏ దారిన దిగాడో కూడా చెప్పాలి. ఏజెంటుని అడిగింది.

‘ఐజాక్ దారి ఇవ్వలేను. అతను తిరిగి రాలేదు.’

ఫోను చార్జింగ్ అయిపోయి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది. మరి ఇవాళ ఆ కొండ దిగి వచ్చిందెవరని అడిగింది.

ఒక్క పేరొచ్చింది.

గంగరాజు.

వంటింట్లోంచి సంపూర్ణమ్మ గొంతు వినిపించింది. “ఇంట్లోకి చెప్పుతో వచ్చావేంటిరా? రెండోదేదీ?”

అందుకే చెబుతున్నా. ఏది ఇవ్వాలో రాసేవాళ్లు, ఏది ఇవ్వకూడదో కూడా రాయండి. ఇవాళే రాయండి. ఇక మీ ఇంట్లోంచి కొండకెళ్లినవాళ్లు చీకటి పడ్డాక తలుపు కొడితే, గొళ్లెం తీసేముందు కిటికీలోంచి ఒకసారి కాళ్లకేసి చూడండి.